ఆంప్లిఫయరునకు ఫాను - ఒక విమర్శ

ఇంటిలో సంగీతము వినుటకు వాడు ఆంప్లిఫయరు వేడెక్కినచో దానికొక చిన్న ఫాను అమర్చవలెననుట నేడు సర్వసాధారణమైన సలహా. కంప్యూటరులలో వాడు పండ్రెండు వోల్టుల ఫానులు చవుకగా దొరకుచున్నవి. వానిలో ఒకదానిని తెచ్చి, ఆంప్లిఫయరు మీద బోర్లించి, తీగెలు కలిపి, రెక్కలు తిరుగుచున్నవి గనుక పని ముగిసినదని చాలమంది తృప్తి పడుదురు. మరికొందరు ఇందుకు పూర్తిగా వ్యతిరేకులు. మంచి ఆంప్లిఫయరునకు ఫాను అక్కరలేదనియు, ఫాను పెట్టవలసి వచ్చినదనగా ఆ పరికరమే లోపము గలదనియు వీరి వాదము. రెండు పక్షములవారును గట్టిగానే మాటలాడుదురు. కాని ఎంత వేడి పుట్టుచున్నది, అది ఏ దారిన బయటికి పోవుచున్నది అను రెండు ప్రశ్నలను ఇరుపక్షములవారును తరచుగా విడిచిపెట్టుదురు.

ఇది వట్టి అభిరుచికి సంబంధించిన తగవు కాదు. వేలకొలది రూపాయలు పోసి కొన్న పరికరము అయిదారేండ్లకే మూలబడుటయో, ఇరువది ఏండ్లు నిలుచుటయో దీనిపై చాలవరకు ఆధారపడి యున్నది. అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. వహనము, సంవహనము, వికిరణము అను మూడు ఉష్ణప్రసార పద్ధతులను ఉన్నత పాఠశాల విద్యార్థి చదువుచునే యున్నాడు. అతని ఇంటిలోనే ఆంప్లిఫయరుపై అల్లికగుడ్డ కప్పి, దానిని అద్దాల తలుపుల షోకేసులో బిగించి పెట్టినచో, ఆ పాఠము పరీక్ష కాగితమును దాటి రాలేదన్నమాట. కావున ఫానును గురించి చెప్పుచున్న మాటలలో ఏది నిలుచును, ఏది నిలువదు అని లెక్క వేసి చూచుట అవసరము.

వేడి ఎక్కడిది?

ఆంప్లిఫయరు గోడ ప్లగ్గు నుండి తీసికొను సామర్థ్యములో కొంత భాగమే స్పీకరునకు చేరును. మిగిలినదంతయు పెట్టెలోనే వేడిగా మారును. ఎంత మారుననునది ఆంప్లిఫయరు పనిచేయు పద్ధతిని, అనగా దాని తరగతిని బట్టి యుండును.

1969 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో జాన్ లిన్స్‌లీ హుడ్ ప్రకటించిన 'ఏ' తరగతి ఆంప్లిఫయరు స్వయముగా పరికరములు కట్టుకొనువారిలో నేటికిని ప్రసిద్ధము. అది ఇచ్చునది 10 వాట్లు. 8 ఓముల స్పీకరుతో పనిచేయుటకు ఒక్కొక్క ఛానెలు సుమారు 27 వోల్టుల వద్ద 1.2 ఆంపియర్ల ప్రవాహమును ఎల్లప్పుడును తీసికొనును. అనగా సుమారు 32 వాట్లు. పాట లేనపుడు ఈ 32 వాట్లును వేడియే. పాట బిగ్గరగా వచ్చునపుడు అందులో కొంత స్పీకరునకు పోవును గనుక పెట్టెలో వేడి తగ్గును. మౌనముగా ఉన్నపుడే ఎక్కువ కాలిపోవు యంత్రమిది.

ఇండ్లలో ఎక్కువగా కనబడునది 'ఏబి' తరగతి. దానికి దగ్గరగా నుండు ఆదర్శమైన 'బి' తరగతిని లెక్కకు తీసికొన్నచో, సైను తరంగముతో దాని అత్యధిక దక్షత 78.5 శాతము. 100 వాట్ల ఆంప్లిఫయరు పూర్తిగా 100 వాట్లు ఇచ్చునపుడు ట్రాన్సిస్టరులలో వేడిగా మారునది సుమారు 27 వాట్లు. అదే ఆంప్లిఫయరు 40 వాట్లు మాత్రమే ఇచ్చునపుడు వేడిగా మారునది కూడ సుమారు 40 వాట్లు. వేడికి సంబంధించినంతవరకు దాని గడ్డు స్థితి ఇదియే. రెండు ఛానెలులకు కలిపి 80 వాట్లు. ధ్వని పెంచినకొలది వేడి పెరుగుననునది అందరును నమ్ము మాటయే కాని, ఒక హద్దు దాటిన పిమ్మట అది నిజము కాదు.

'డి' తరగతి ఆంప్లిఫయరులలో ట్రాన్సిస్టరులు స్విచ్చులవలె పూర్తిగా తెరచుకొనుచు, పూర్తిగా మూసుకొనుచు పనిచేయును. వాని దక్షత 90 శాతమును దాటగలదు. అందుచేత అంతే ధ్వనికి వాని వేడి చాల స్వల్పము.

వేడికి మరొక కారణము వాడువారి చేతిలోనే యున్నది. పండుగనాడు మరికొంత మోత కావలెనని 8 ఓముల స్పీకరు ప్రక్కన అట్టిదే మరొకటి సమాంతరముగా కలిపినచో ఆంప్లిఫయరునకు కనబడునది 4 ఓములే. ధ్వని మీటను కదల్చకున్నను ప్రవాహము రెట్టింపగును. దానితోపాటు ట్రాన్సిస్టరులలోని వేడియు రెట్టింపగును. ఇట్లు పుట్టు వేడిని ఏ ఫానును పుట్టకుండ ఆపజాలదు. పుట్టిన వేడిని మరొక చోటికి చేర్చుటయే ఫాను పని. ఈ తేడాను మరచుటతోనే పొరపాట్లు మొదలగుచున్నవి.

చల్లదనమను భ్రమ

'ఫాను చల్లని గాలి నిచ్చును' అనునది మనుష్యుని అనుభవము. ఆ అనుభవమును అట్లే తీసికొనిపోయి లోహపు పెట్టెకు అంటగట్టుట మొదటి తప్పు.

మనుష్యుని దేహమునకు చెమట పట్టును. ఆ చెమట ఆవిరియగుటకు కావలసిన గుప్తోష్ణమును చర్మమునుండియే తీసికొనును. చర్మపు ఉష్ణోగ్రత వద్ద ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 2400 జౌళ్లు కావలెను. నిమిషమునకు ఒక్క గ్రాము చెమట ఆరినను దేహమునుండి 40 వాట్ల చొప్పున వేడి పోవుచున్నట్లే. ఫాను చేయునదల్లా చర్మము దగ్గర పేరుకొన్న తేమ గాలిని తొలగించి ఈ ఆవిరి పనిని త్వరపెట్టుటయే. గాలి దేహము కన్న వేడిగా నున్నను, చెమట ఆరుచున్నంతవరకు మనుష్యునికి కొంత హాయి కలుగుట ఇందుచేతనే.

ఆంప్లిఫయరునకు చెమట పట్టదు. పొడి లోహముపై ఎంత గాలి విసరినను దాని ఉష్ణోగ్రత ఆ గాలి ఉష్ణోగ్రత కన్న క్రిందికి దిగదు. మే మాసమున రెంటచింతలలోనో రామగుండములోనో ఇంటిలోని గాలి 42 డిగ్రీలకు చేరినపుడు, ఫాను ఆంప్లిఫయరుపై విసరునది ఆ 42 డిగ్రీల గాలినే. లోహము 70 డిగ్రీల వద్ద నున్నది గనుక ఆ గాలి కూడ వేడిని మోసికొనిపోగలదు. ఫాను వ్యర్థము కాదు. కాని అది ఇచ్చునది చల్లదనము కాదు, రవాణా మాత్రమే. రవాణాకు బండి యొక్కటే చాలదు, దారియు కావలెను.

తలుపులు మూసిన షోకేసు

ఆ దారి లేనిచో ఏమగునో ఒక లెక్క చూడవచ్చును. 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల లోతు, 20 సెంటీమీటర్ల ఎత్తు గల కొయ్య అరను ఊహింపుడు. అందులోని గాలి 54 లీటర్లు. ఒక ఘనమీటరు గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 1200 జౌళ్లు చాలును. కావున ఈ అరలోని గాలి ఒక డిగ్రీ పెరుగుటకు 65 జౌళ్లే చాలును. అందులో 80 వాట్ల వేడి, అనగా సెకనుకు 80 జౌళ్లు, విడుదల యగుచున్నచో, ఆ వేడి అంతయు గాలిలోనే నిలిచినయెడల సెకనుకు ఒక డిగ్రీకి మించి ఉష్ణోగ్రత పెరుగవలెను. అట్లు జరుగకపోవుటకు కారణము, వేడిలో చాల భాగమును పరికరపు లోహమును, అర గోడలును పీల్చుకొనుటయే. కాని ఆ పీల్చుకొనుట కొంతసేపే. కొన్ని గంటలు గడచిన పిమ్మట లోపల ఎంత వేడి పుట్టునో అంతయు కొయ్యగుండా బయటికి పోవలసినదే.

కొయ్య మంచి ఉష్ణవాహకము కాదు. 18 మిల్లీమీటర్ల మందము గల చెక్క గోడలు, వానికి లోపలను వెలుపలను అంటియుండు నిశ్చలమైన గాలిపొరలు, ఈ మూడింటి నిరోధములను కలిపి లెక్కించినచో, అన్ని వైపులను గాలి తగులుచున్న అరలో కూడ, లోపలి గాలి గది గాలి కన్న సుమారు 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కును. వెనుకవైపు గోడకు ఆనించియున్నచో ఇంకను ఎక్కువ. గదిలో 38 డిగ్రీలున్న నాడు పరికరము పీల్చు గాలి దాదాపు 68 డిగ్రీలన్నమాట.

ఇప్పుడు ఆ మూసిన అర లోపలనే ఒక ఫాను పెట్టినచో ఏమగును? అది లోపలి గాలిపొరను చెదరగొట్టును. అందుచేత మూడు నిరోధములలో ఒకటి తగ్గును. చెక్క నిరోధము, వెలుపలి పొర నిరోధము అట్లే యుండును. లెక్క ప్రకారము 30 డిగ్రీలు 25 డిగ్రీలు కావచ్చును. పైగా ఫాను మోటారు తీసికొను ఒకటి రెండు వాట్లు కూడ ఆ అరలోనే వేడిగా మారును. ఫాను పెట్టినందుకు ఏమియు లాభము లేదనుట అతిశయోక్తి. కాని ఆ లాభము ఐదు డిగ్రీలే. తలుపు తెరచియుంచినచో కలుగు లాభము దీనికి ఎన్నో రెట్లు. దానికి కరెంటు ఖర్చు లేదు, మోత లేదు.

అల్లికగుడ్డ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పరికరపు పైకప్పున నుండు సన్నని చీలికలు అలంకారము కొరకు పెట్టినవి కావు. అవి పొగగొట్టముల వంటివి. పొయ్యి వెలిగించి పొగగొట్టమునకు గుడ్డ కుక్కువారెవ్వరును లేరు.

గాలికి దారి

తలుపు తెరచుటకు వీలులేని చోట ఫాను నిజముగా పనికివచ్చును. కాని ఎంత గాలి కావలెనో ముందు తెలియవలెను. 80 వాట్ల వేడిని మోయుటకు, లోపలికి వచ్చిన గాలి బయటికి పోవునప్పటికి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కవలెనన్నచో, సెకనుకు సుమారు 6.6 లీటర్ల గాలి చాలును. నిమిషమునకు 400 లీటర్లు. 12 సెంటీమీటర్ల వ్యాసము గల మామూలు ఫాను నిదానముగా తిరిగినను ఇంత గాలిని కదల్చగలదు. 10 డిగ్రీలకు బదులు 5 డిగ్రీలే చాలునన్నచో గాలి రెట్టింపు కావలెను.

అయితే ఫాను డబ్బాపై అచ్చువేయు గాలి పరిమాణము దాని ముందును వెనుకను ఏ అడ్డును లేనపుడు కొలిచినది. సన్నని జల్లెడ, ఇరుకైన సందు, తీగెల చుట్ట అడ్డమువచ్చినచో ఆ పరిమాణము చాల తగ్గిపోవును. అదియునుగాక, అరలోనుండి ఎంత గాలి బయటికి పోవలెనో అంత గాలి లోపలికి రావలెను. పైన ఫాను బిగించి, క్రింద రంధ్రము పెట్టక, 'ఫాను తిరుగుచున్నది గదా' అనుకొనువారు కలరు. మూత బిగించిన సీసాలోని నీటిని గొట్టముతో పీల్చుటవంటిదే ఆ పని.

ఇక్కడ ప్రతిపక్షమువారు తరచుగా చెప్పు ఒక ఆక్షేపణను కూడ పరిశీలింపవలెను. వేడి గాలి పైకి పోవును గనుక ఫాను క్రిందికి విసరుట ప్రకృతికి విరుద్ధమనియు, రెండును ఒకదానినొకటి రద్దుచేసికొనుననియు వారందురు. విన సొంపైన మాటయే కాని, లెక్కకు నిలువదు. 20 సెంటీమీటర్ల ఎత్తున 20 డిగ్రీల తేడా గల గాలి స్తంభము పైకి పోవుటకు కలుగు పీడనము ఒక పాస్కలులో ఆరవ వంతునకు మించదు. చిన్న ఫాను కల్పించు పీడనము పది పాస్కలులు, అంతకు పైన కూడ నుండును. ఫాను ముందు సహజ సంవహన బలము ఎంతమాత్రమును నిలువదు. క్రిందికి విసరు ఫానులోని అసలు దోషము వేరు. క్రిందికి నెట్టబడిన వేడి గాలి ప్రక్కలనుండి చుట్టుతిరిగి మరల ఫాను నోటిలోనికే రావచ్చును. అట్లు రాకుండ దారి యున్నచో ఏ దిక్కున విసరినను ఒకటే. క్రింద చల్లని గాలికి ద్వారము, పైన వేడి గాలికి ద్వారము, పై ద్వారమున బయటికి తోయు ఫాను అను ఏర్పాటు మేలైనది. ఫాను ఆగినను సహజ సంవహనము అదే దారిన కొంత పని చేయుచుండును.

గొలుసులో ఒక్క లంకె

ట్రాన్సిస్టరులో వేడి పుట్టునది దాని లోపలి సిలికాను సంధిలో. అక్కడినుండి గాలిని చేరుటకు అది మూడు మెట్లు దిగవలెను: సంధి నుండి ట్రాన్సిస్టరు తొడుగునకు, తొడుగు నుండి అభ్రకపు రేకు ద్వారా రెక్కల హీట్‌సింకునకు, హీట్‌సింకు నుండి గాలికి. విద్యుత్ వలయములో నిరోధములు శ్రేణిలో కలియునట్లే ఇక్కడను ఉష్ణ నిరోధములు కలియును. వోల్టులకు బదులు డిగ్రీలు, ఆంపియర్లకు బదులు వాట్లు అనుకొన్నచో ఓము నియమమే ఇక్కడ పనిచేయును.

పేరుపొందిన 2ఎన్3055 ట్రాన్సిస్టరులో సంధి నుండి తొడుగునకు గల నిరోధము వాటుకు సుమారు 1.5 డిగ్రీలు. ఒక్కొక్క ట్రాన్సిస్టరులో 20 వాట్ల వేడి పుట్టుచున్నచో ఈ మెట్టు వద్దనే 30 డిగ్రీల తేడా. అభ్రకపు రేకు, దానికి రెండువైపులను పూయు గ్రీజు కలిసి వాటుకు 0.5 డిగ్రీ అనుకొన్నచో మరియొక 10 డిగ్రీలు. రెండు ట్రాన్సిస్టరులును బిగించిన హీట్‌సింకునకు వాటుకు 0.8 డిగ్రీ చొప్పున 40 వాట్లకు 32 డిగ్రీలు. మొత్తము 72. గది గాలి 35 డిగ్రీలైనచో సంధి 107 డిగ్రీల వద్ద నుండును. మూసిన అర వలన మరి 30 డిగ్రీలు చేరినచో 137. లోహపు తొడుగు గల 2ఎన్3055 సంధికి 200 డిగ్రీల వరకు అనుమతి కలదు గాని, ప్లాస్టిక్ తొడుగు గల చాల ట్రాన్సిస్టరులకు 150 డిగ్రీలే హద్దు.

ఫాను ఈ మూడు మెట్లలో మూడవదానిని మాత్రమే తాకగలదు. 32 డిగ్రీలను పన్నెండునకు దించినను, తక్కిన 40 డిగ్రీలు అట్లే యుండును. గ్రీజు ఎండిపోయి రెండవ మెట్టు నిరోధము పెరిగినచో, దానిని ఫానుతో సరిదిద్దుట కాలికి ముల్లు గ్రుచ్చుకొనగా తలకు కట్టు కట్టుట వంటిది.

ఫానుల సంఖ్యను పెంచుటలోను ఇదే చిక్కు. రెక్కల మీదుగా నెమ్మదిగా ప్రవహించు గాలి వేగమును రెట్టింపు చేసినచో అది గ్రహించు వేడి రెట్టింపు కాదు, సుమారు 1.4 రెట్లగును. మొదటి ఫాను వలన కలుగు లాభము పెద్దది, రెండవదాని వలన చిన్నది, మూడవదాని వలన కలుగునది మోతయే. ఇంకొక సూక్ష్మము కూడ కలదు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినచో ట్రాన్సిస్టరు బేసు, ఎమిటరుల మధ్య కావలసిన వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గును. దీనివలన ప్రవాహము పెరిగి, వేడి పెరిగి, మరల ప్రవాహము పెరుగు విషవలయము ఏర్పడకుండుటకు హీట్‌సింకుపై ఒక కాపలా ట్రాన్సిస్టరును బిగించుదురు. అది వేడిని కనిపెట్టి ప్రవాహమును తగ్గించును. ఫాను గాలి సరిగా ఈ కాపలాదారునిపైననే పడి, అసలు ట్రాన్సిస్టరులు వేడిగానే యున్నచో, కాపలాదారుడు మోసపోవును. ప్రవాహము తగ్గవలసినంత తగ్గదు. మూత విప్పి లోపల తోచిన చోట ఫాను బిగించరాదనుటకు ఇదియొక కారణము. రెండవ కారణము ప్రాణమునకు సంబంధించినది. ప్లగ్గు తీసిన పిమ్మటను పెద్ద కెపాసిటరులు కొంతసేపు విద్యుదావేశమును నిలుపుకొనియుండును.

పది డిగ్రీల సూత్రము

ఫానును సమర్థించువారు తరచుగా చూపు ప్రమాణము 'పది డిగ్రీలు తగ్గినచో ఆయుర్దాయము రెట్టింపు' అను సూత్రము. దీనికి మూలము రసాయన చర్యల వేగము ఉష్ణోగ్రతతో ఎట్లు పెరుగునో 1889లో స్వీడను శాస్త్రజ్ఞుడు స్వాంటే ఆరీనియస్ వివరించిన సిద్ధాంతములో కలదు. ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటరుల విషయమున ఈ సూత్రము చక్కగా పనికివచ్చును. వానిలోని ద్రవము క్రమముగా ఆరిపోవుటయే వాని ముసలితనము. 85 డిగ్రీల వద్ద 2000 గంటలని గుర్తించిన కెపాసిటరు 65 డిగ్రీల వద్ద సుమారు 8000 గంటలు పనిచేయును. దినమునకు నాలుగు గంటల చొప్పున అయిదున్నర ఏండ్లు. 45 డిగ్రీల వద్ద 32,000 గంటలు; దాదాపు ఇరువదిరెండేండ్లు. షోకేసు తలుపు తెరచుటకును మూయుటకును గల తేడా ఇంతటిది.

కాని ఈ సూత్రమును పరికరములోని ప్రతి భాగమునకును అంటగట్టుట శాస్త్రము కాదు. టంకపు అతుకులు విడిపోవుట రసాయన చర్య కాదు. వేడెక్కినపుడు వేర్వేరు పదార్థములు వేర్వేరు కొలతలలో వ్యాకోచించుటయు, చల్లారినపుడు సంకోచించుటయు, ఈ లాగుడు వేలసార్లు జరిగి పగుళ్లు పుట్టుటయు అందులకు కారణము. సంగీత పరికరముల ప్రక్క అరలోనే చోటు సంపాదించిన వీడియో ఆటల యంత్రము ఇందుకు చక్కని ఉదాహరణ. మైక్రోసాఫ్టు సంస్థ 2005లో విడుదల చేసిన 'ఎక్స్‌బాక్స్ 360'లో ఫానులు ఉండెను. అయినను ఆ యంత్రములు పెద్దయెత్తున పాడైనవి. 2007 జులైలో ఆ సంస్థ వారంటీని మూడేండ్లకు పొడిగించి, అందుకై నూరు కోట్ల డాలర్లకు మించిన వ్యయమును చూపవలసి వచ్చినది. వేడెక్కుచు చల్లారుచు నుండుటవలన చిప్పు లోపలి అతుకులు విడిపోవుటయే కారణమని ఆ సంస్థ తరువాత, 2021లో, వివరించినది. ఫాను ఉన్నది గనుక క్షేమమని నమ్మరాదనుటకు ఇంతకన్న ఖరీదైన పాఠము అరుదు.

ఫాను వద్దనువారి వాదము

ఇక రెండవ పక్షము. మంచి ఆంప్లిఫయరునకు ఫాను అక్కరలేదను మాటలో సగము నిజము కలదు. తగినంత పెద్ద హీట్‌సింకు, దానిచుట్టు తగినంత ఖాళీ ఉన్నచో సహజ సంవహనమే పని ముగించును. కదలు భాగము లేదు గనుక అరుగుదల లేదు. రాత్రివేళ మెల్లగా వీణ వినువానికి ఫాను రొద ఒక శిక్షయే.

కాని ఆ రొద ఫాను స్వభావము కాదు, దానిని తిప్పు వేగము యొక్క ఫలము. ఫాను వేగమును సగమునకు తగ్గించినచో గాలి సగమగును, తీసికొను సామర్థ్యము ఎనిమిదవ వంతగును, రొద సుమారు 15 డెసిబెళ్లు తగ్గును. గాలిలో కోల్పోవునది సగము. నిశ్శబ్దములో లభించునది అంతకన్న చాల ఎక్కువ. కావున చిన్న ఫానును వేగముగా తిప్పుటకన్న పెద్ద ఫానును నెమ్మదిగా తిప్పుట మేలు. పండ్రెండు వోల్టుల ఫానును ఏడు వోల్టులతో నడుపుట, వేడి ఒక హద్దు దాటినపుడే తిరుగునట్లు ఉష్ణోగ్రతా స్విచ్చు పెట్టుట ఇందుకు సులభమైన ఉపాయములు. వేసవిలో 42 డిగ్రీల గదిలో, చోటు చాలని ఇంటిలో, హీట్‌సింకును పెంచుట వాడువారి చేతిలో లేనపుడు, ఫాను వద్దని పట్టుపట్టుట శాస్త్రము కాదు, పంతము. అట్టి చోట ఫానును తిరస్కరించువారును, మూసిన అరలో ఫాను పెట్టి తృప్తిపడువారును ఒకే తప్పు చేయుచున్నారు. ఇద్దరును పరికరమును చూచుచున్నారు గాని, గాలిని చూచుట లేదు.

ఫాను మోసికొనివచ్చు మరొక అతిథి దుమ్ము. రెక్కల సందులలో పేరుకొన్న దుమ్ము లోహమునకు కప్పిన దుప్పటివంటిది. నెలకొకసారి తుడువనిచో ఫానే తాను చేసిన మేలును తాను చెరుపుకొనును.

తరగతి గదిలో

ఈ విషయమును ఉపాధ్యాయులు రెండు చిన్న ప్రయోగములతో చూపవచ్చును. మొదటిదానికి రెండు ఉష్ణమాపకములు చాలును. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, రెండవదానిని పొడిగా నుంచి, రెండింటిని ఫాను ముందు పెట్టవలెను. తడిది దిగును. పొడిది కదలదు. ఫాను గాలిని చల్లబరచునను నమ్మకము అయిదు నిమిషములలో సడలిపోవును.

రెండవదానికి ఒక ప్లైవుడ్డు పెట్టె, 25 వాట్ల తంతు దీపము, ఒక ఉష్ణమాపకము, పండ్రెండు వోల్టుల చిన్న ఫాను కావలెను. దీపము పెట్టె గోడలకు తగులకుండ నుండవలెను. దాని కరెంటు కనెక్షనును ఉపాధ్యాయుడే చూచుకొని, ప్రయోగము ముగియువరకు దగ్గర నుండవలెను. మొదట పెట్టెను మూసి, తరువాత మూసిన పెట్టెలోనే ఫాను తిప్పి, పిమ్మట క్రింద ఒక రంధ్రమును పైన ఒక రంధ్రమును తెరచి ఫాను లేకుండ, చివరకు పై రంధ్రమున ఫాను బిగించి ఉష్ణోగ్రతలను వ్రాసికొనవలెను. ప్రతిసారియు ఉష్ణోగ్రత నిలకడకు వచ్చువరకు ఆగుట ముఖ్యము. ఈ నాలుగు అంకెలను విద్యార్థులే గ్రాఫుగా గీసినచో, దారి వలన కలిగిన లాభమెంత, ఫాను వలన కలిగిన లాభమెంత అనునది వేరువేరుగా తేలును.

ఫాను మంచిదా చెడ్డదా అను ప్రశ్నకు సమాధానము లేదు, ఏలయనగా ఆ ప్రశ్నయే సరియైనది కాదు. ముందు వేడిని పుట్టించు కారణమును తగ్గించవలెను: తగని స్పీకరులను కలుపరాదు, వినని వేళ 'ఏ' తరగతి యంత్రమును వెలిగించి ఉంచరాదు. తరువాత చోటు కల్పించవలెను: గుడ్డ తీయవలెను, తలుపు తెరువవలెను, పైనను వెనుకను ఖాళీ విడువవలెను. అది చాలనిచో గాలికి రెండు ద్వారములు తెరువవలెను. అదియు చాలనిచో, అప్పుడు ఒక పెద్ద ఫానును నెమ్మదిగా తిప్పవలెను. ఈ వరుసలో ఫానుది చివరి స్థానము. నేడు దానికి మొదటి స్థానమిచ్చుచున్నారు, మిగిలినవానిని మరచుచున్నారు. ఉష్ణప్రసార పాఠము చెప్పిన మరునాడు విద్యార్థి ఇంటికి పోయి షోకేసు తలుపు తెరచినచో, ఆ పాఠము ఫలించినట్లే.